పొద్దున్న 6.45 వార్తల కోసం కొన్న చిన్న రేడియో: ఏడాదిన్నర వాడాక

ఫోన్లో అన్నీ వస్తుంటే ఇప్పుడు రేడియో ఏమిటని మా ఇంట్లోనే అడిగారు, ఇక బయటివాళ్లు అడగడంలో వింత లేదు. కొన్న కొత్తలో నా దగ్గర సరైన జవాబు లేదు. అందుకే ఏడాదిన్నర ఆగి, రెండు వానాకాలాలు దీంతో గడిపి ఇప్పుడు రాస్తున్నాను. శ్రీకాకుళం జీటీ రోడ్డులో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో 1,100 రూపాయలకు కొన్నాను. అరచేతి కంటే కాస్త పెద్దది. మీడియం వేవ్, ఎఫ్ఎం రెండూ పలుకుతాయి, రెండు పెన్సిల్ సెల్లు వేసుకోవాలి. బ్లూటూత్ లేదు, పెన్‌డ్రైవ్ పెట్టడానికి చోటు లేదు. షాపులో కుర్రాడు అవన్నీ ఉన్న స్పీకర్ ఒకటి చూపించి "ఇంకో మూడొందలు వేసుకుంటే ఇది వచ్చేస్తది కదా సార్" అన్నాడు. అందులో మీడియం వేవ్ ఉందా అంటే లేదన్నాడు. నాకు కావాల్సింది విశాఖపట్నం ఆకాశవాణి, అది 927 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్‌లో వస్తుంది. అందుకే ఇది.

అసలు ఈ సంగతి 2018లో మొదలైంది. మాది వజ్రపుకొత్తూరు మండలం, ఉద్దానంలో ఒక పల్లె. ఆ ఏడు అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి అని తర్వాత చదివాం గానీ, ఆ రాత్రి మాకు తెలిసింది ఒక్కటే, నేనూ నాన్నా తలుపుకు వీపులు ఆనించి కూర్చున్నా గడియ ఊగుతూనే ఉంది. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు వరసగా పడిపోయి ఉన్నాయి, నాన్న తన చేత్తో నాటిన జీడి చెట్లు వేళ్లు పైకి లేచి ఉన్నాయి. కరెంటు స్తంభాలు దారి పొడుగునా ఒరిగిపోయాయి. ముందు సిగ్నల్ పోయింది, సాయంత్రానికి ఫోన్లలో చార్జింగ్ కూడా పోయింది. పక్క ఊళ్లో ఏమైందో తెలీదు, పలాస ఎలా ఉందో తెలీదు. అప్పుడు మొదలయ్యాయి పుకార్లు. వంశధార మీది గొట్టా బ్యారేజీ తెగిపోయిందని ఒకరు, వెనకాలే ఇంకో తుపాను వస్తోందని ఒకరు. మా అక్క అత్తవారిది వంశధార పక్కనే ఉన్న ఊరు, ఆ బ్యారేజీ మాట చెవిన పడ్డప్పటి నుంచి అమ్మ అన్నం ముట్టలేదు.

మా వీధిలో ఒక తాత దగ్గర పాత రేడియో ఉండేది. వెనక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి ఉంచుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన అరుగు మీద పాతికమంది కూర్చున్నాం. "ఏటంటన్నాడు తాతా?" అని గుంటలు అడుగుతుంటే "ఉండండ్రా, ఇననీయండి" అని కసురుకుంటూ రేడియోని చెవి దగ్గర పెట్టుకుని, విన్న ముక్కని మాకు చెప్పేవాడు. తుపాను బలహీనపడి ఒడిశా మీదుగా పోతోంది. వంశధారలో వరద ఉంది. బ్యారేజీ తెగిందన్న మాటే లేదు, ఇంకో తుపాను మాటా లేదు. అంతే, ఆ రోజు మాకు అందిన వార్తంతా అదే, దాంతోనే అమ్మ రెండు ముద్దలు తింది. ఆ తాత ఇప్పుడు లేడు. ఆయన రేడియో ఏమైందో కనుక్కుందామని వెళ్తే పాత ఇనప సామాన్ల వాడికి వేసేశామని చెప్పారు.

అప్పుడే కొనాల్సింది, కొనలేదు. కరెంటు వచ్చింది, టవర్లు లేచాయి, ఫోన్ మళ్లీ చేతికి వచ్చింది, మిగతావాళ్లలాగే నేనూ మర్చిపోయాను.

2023 అక్టోబరు 29 రాత్రి మళ్లీ గుర్తొచ్చింది. ఆ ఆదివారం కంటకాపల్లి, అలమండ మధ్య విశాఖ–రాయగడ ప్యాసింజరు ముందు వెళ్తున్న విశాఖ–పలాస ప్యాసింజరుని వెనక నుంచి గుద్దింది. మా బావమరిది ఆ పలాస బండిలోనే వస్తున్నాడు. ఏడున్నర నుంచి ఫోన్ కలవలేదు. టీవీలో మూడు చానళ్లు మార్చి మార్చి చూశాను, మూడింట్లో మూడు అంకెలు. ఫోన్లో ఎనిమిది వాట్సాప్ గ్రూపులు, వాటిల్లో ఫొటోలు, వాటిలో ఒకటి పట్టపగలు తీసింది. రాత్రి జరిగిన ప్రమాదానికి పగటి ఫొటో ఎలా వస్తుందని ఆ టెన్షన్‌లో నాకు తట్టనేలేదు. ఎవరు రాశారో తెలియని పేర్ల జాబితా ఒకటి వచ్చింది, అందులో మా వాడి పేరులాంటి పేరు ఉంది. ఆ పదిహేను నిమిషాలు మా ఆవిడ ఎలా ఉందో నేను రాయలేను. పదిన్నరకి ఎవరిదో ఫోన్ నుంచి వాడే చేశాడు, ముందు పెట్టెలో ఉన్నానని, దెబ్బలేం తగల్లేదని, తన ఫోన్ ఎక్కడో పడిపోయిందని. ఆ మూడు గంటల్లో నేను ఒక్క నిమిషం కూడా తెర మీంచి కళ్లు తీయలేదు, అయినా నాకు తెలిసిందంటూ ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్న న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు పెట్టుకుని విన్నాను. ఏ బండి దేన్ని గుద్దింది, ఎక్కడ, ఏ రైళ్లు ఆగిపోయాయి, అన్నీ వరసగా, ఒకే గొంతుతో, అరుపుల్లేకుండా. ఒక మాట నిజంగా చెప్పాలి, ముందు రోజు రాత్రి రేడియో ఉన్నా నాకు అక్కరకు వచ్చేది కాదు. అలాంటప్పుడు పనికొచ్చేది రైల్వే హెల్ప్‌లైన్ నంబరూ, మనవాడి ఫోనూ. కానీ నేను వార్త అనుకుని చూస్తున్నది వార్త కాదని మాత్రం ఆ పొద్దున్న అర్థమైంది.

తర్వాత ఒక రోజు కూర్చుని నోటిఫికేషన్లు లెక్కపెట్టాను. రెండు వార్తల యాప్‌ల నుంచి పొద్దున్నుంచి రాత్రి దాకా 63. వాటిలో శ్రీకాకుళం జిల్లాకి సంబంధించింది ఒక్కటి, అదీ ఒక సినిమా వాళ్లు అరసవల్లి గుడికి వచ్చిన సంగతి. రెండు యాప్‌లూ తీసేశాను. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని వచ్చేవి ఏవైనా సరే ఎవరికీ పంపకూడదని నియమం పెట్టుకున్నాను. మరి యాప్‌లోనే ఆకాశవాణి వినొచ్చు కదా అంటే, వినొచ్చు. కొన్ని నెలలు విన్నాను కూడా. కానీ పొద్దున్నే వార్తల కోసం ఫోన్ తీస్తే వార్తలు అయ్యాక కూడా ఫోన్ చేతిలోనే ఉంటుంది, పావుగంట అనుకున్నది ముప్పావుగంట అవుతుంది. పైగా టవర్ లేకపోతే ఆ యాప్ కూడా లేదు, తిత్లీ రోజున నాకు కావాల్సింది సరిగ్గా అప్పుడు పలికేది.

ఇక రేడియో సంగతి. 6.45కి విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు, 6.55కి ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు, ఆ తర్వాత తెలుగులో జాతీయ వార్తలు. నేను పళ్లు తోముకుని టీ పెట్టుకుంటూ వింటాను. పాలు పొంగితే ఒక వార్త పోతుంది, వెనక్కి తిప్పి వినడానికి లేదు, అందుకే ఆ పది నిమిషాలూ చెవి అక్కడే ఉంటుంది. ఈ ఏడాదిన్నరలో నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే, వార్తలు "ఇంతటితో సమాప్తం" అంటాడు చూడండి, ఆ మాట. ఫోన్లో ఆ మాట ఎవరూ అనరు. అది విన్నాక రేడియో కట్టేసి నా పనిలో పడతాను, ఏదో తెలుసుకోకుండా మిగిలిపోయిందన్న పీకులాట లేదు.

స్టేషన్ పట్టడం మొదట్లో కష్టమైంది. ముల్లు తిప్పి పట్టే రకం ఇది, డయల్ మీద 9 తర్వాత 10 అంకె ఉంటుంది, 927 అంటే 9 దాటి ఒక్క వెంట్రుకవాసి. అక్కడికి తెచ్చినా గరగరే వచ్చింది. పాడైన సరుకు అంటగట్టారనుకుని షాపుకి తీసుకెళ్తే, అక్కడ పక్కన కూర్చుని మిక్సీ విప్పుతున్న పెద్దాయన, మెకానిక్, రేడియో తీసుకుని బల్ల మీద నిలబెట్టి గడియారం ముల్లులా నెమ్మదిగా తిప్పాడు. ఒక చోట గరగర తగ్గి గొంతు పైకి వచ్చింది. "మీడియం వేవుకి ఆ పైకి లాగే కడ్డీతో పనిలేదు బాబూ, అది ఎఫ్ఎంకి. దీనికి లోపల నల్ల కడ్డీ ఉంటాది, సెట్టునే తిప్పాల" అన్నాడు. ఫెర్రైట్ కడ్డీ అన్నమాట. దాని కొన స్టేషన్ వైపు చూస్తే శబ్దం పడిపోతుంది, కడ్డీ అడ్డంగా ఉంటే బాగా వస్తుంది. మా వంటింటి గట్టు మీద సరైన కోణం దొరికాక అక్కడ పెన్సిల్‌తో గీత గీశాను. శ్రీకాకుళంలో ఉన్న మాకు విశాఖ సుమారు వంద కిలోమీటర్లు, పగటిపూట ఇబ్బంది లేకుండా వస్తుంది. రాత్రయితే దూరపు స్టేషన్లు మీద పడతాయి, అరవమో హిందీయో వెనకాల సన్నగా వినిపిస్తుంటుంది. అది రేడియో తప్పు కాదు, మీడియం వేవ్ తరంగాలు రాత్రిపూట ఆకాశం పై పొరల మీంచి తిరిగి కిందికి రావడం వల్ల అలా జరుగుతుంది.

ఇంకో సంగతి కనిపెట్టడానికి నాకు నెల పట్టింది. మా వంటింట్లో ఎల్ఈడీ బల్బు వేస్తే చాలు, రేడియోలో తేనెటీగల రొద. చార్జర్ ప్లగ్గులో ఉన్నా అంతే. బల్బు ఆర్పి, చార్జర్ పీకేస్తే స్వచ్ఛంగా ఉంటుంది. మొన్న వానాకాలంలో ఒక రాత్రి గాలివానకి వీధంతా కరెంటు పోయింది. ఇన్వర్టర్లు కూడా అయిపోయాక, చీకట్లో రేడియో పెడితే ఎన్నడూ లేనంత శుభ్రంగా పలికింది, వార్తలు చదివే ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. కరెంటు పోతే మిగతా అన్నీ మూగబోతాయి, ఇది మాత్రం ఇంకా బాగా పలుకుతుంది. ఆ రాత్రి తాత అరుగు గుర్తొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు. మెరుపు మెరిసినప్పుడల్లా టప్‌మని చిటుక్కుమంటుంది, ఆ చిటుకులు దగ్గర దగ్గరగా వస్తున్నాయంటే పిడుగుల వాన దగ్గర పడుతోందని అర్థం. పొలంలో ఉన్నవాళ్లకి ఇది పనికొచ్చే విషయమే, అయినా పిడుగుల హెచ్చరికకి దామిని యాప్ పెట్టుకోమనే చెబుతాను.

లోపాలు చెప్పాలి. బ్యాండు మార్చే స్విచ్ మరీ వదులు, సంచిలో పెడితే దానంతట అదే ఎఫ్ఎంకి జారిపోతుంది. డయల్ చీకట్లో కనబడదు. సెల్లు రోజుకి గంట లెక్కన నెలన్నర వస్తాయి, అది బాగానే ఉంది, కానీ మొదటి వానాకాలంలో పెళ్లికి ఊరెళ్లి మూడు వారాలు సెల్లు లోపలే వదిలేశాను, వచ్చి చూస్తే సెల్ కారి స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి, దాని మీద పచ్చటి చిలుం. రేడియో పలకలేదు. నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి, ఆరబెట్టి, గరుకు కాగితంతో స్ప్రింగు కొనని రుద్దితే మళ్లీ వచ్చింది. మీరు వాడకపోతే సెల్లు తీసి పక్కన పెట్టండి, ముఖ్యంగా మన తీరంలో, ఈ ఉప్పుగాలికి.

రేడియో ఒక్కటీ ఉంటే చాలని నేను అనను. ఆకాశవాణి ప్రభుత్వానిది, ప్రభుత్వాన్ని నిలదీసే వార్త అందులో దొరకదు. దానికి పేపరు చదవాలి, ఒకటి కాదు రెండు, ఒకదానికొకటి పడనివి. మన పేపర్లు ఏది ఎవరి వైపో అందరికీ తెలుసు, రెండూ చదివితే మధ్యలో అసలు సంగతి ఉంటుంది. ఒకటి ఇంటికి వేయించుకుంటాను, రెండోది ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగుతూ చదువుతాను. 1974 ఆగస్టు 10న విశాఖలో ఈనాడు మొదలైనప్పుడు తెల్లారకముందే పేపరు గుమ్మంలో పడటం కొత్త అని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు, అంతకుముందు మన వైపు ఊళ్లకు పేపరు వచ్చేసరికి పొద్దెక్కిపోయేదట. జిల్లా పేజీల్లో ఉండే కరెంటు కోత సమయాలు, ధాన్యం కొనుగోలు కేంద్రాలు, పలాస జీడిపప్పు ధర, నాగావళి నీటిమట్టం లాంటివి రేడియోలో పది నిమిషాల్లో ఇమడవు. ఒక్క బాధ ఉంది. మా ఆవిడ పుట్టిల్లు పాలకొండ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లిపోయాయి. అప్పటి నుంచి మా జిల్లా పేజీల్లో పాలకొండ వార్త అరుదైపోయింది. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పుట్టింటి ఊరి సంగతి ఆవిడకి ఇప్పుడు ఫోన్ చేస్తేనే తెలుస్తుంది.

తుపాను రోజుల్లో మాత్రం నేను టీవీ పెట్టను. వాతావరణ శాఖవారి విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ చూస్తాను, తుపానుగా మారాక అది మూడు గంటలకోసారి వస్తుంది, తీరానికి బాగా దగ్గరయ్యేదాకా మధ్యలో ఎంత చూసినా కొత్తది పెద్దగా ఉండదు కాబట్టి ఆ మూడు గంటలూ మనం మనుషుల్లా ఉండొచ్చు, మంచినీళ్లు పట్టుకోవచ్చు, పశువుల్ని విప్పుకోవచ్చు. రేడియోలో కళింగపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వింటే అర్థం కావాలి కదా, అందుకని ఆ నంబర్లు కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించాను. ఒకటి, రెండు అంటే తుపాను ఇంకా దూరంగా సముద్రంలో ఉన్నట్టు. పది అంటే మహా ప్రమాదం. పదకొండో నంబరు ఉందని నాకు ఇదివరకు తెలీదు. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానర్థం. అది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది, 2018లో మా ఊరు రెండు రోజులు ఉన్నది ఆ పదకొండో నంబరులోనే.

కొనేవాళ్లకి రెండు మాటలు. అంకెలు కనిపించే డిజిటల్ రేడియో కొంటే మీడియం వేవ్ 9 కిలోహెర్ట్జ్ అడుగులతో మారుతుందా అని చూసుకోండి. మన దేశంలో స్టేషన్లు తొమ్మిదేసి తేడాతో ఉంటాయి. అమెరికా పద్ధతిలో పదేసి చొప్పున మారేదైతే 920 వస్తుంది, 930 వస్తుంది, 927 మీద మాత్రం నిలవదు. కొన్నింటిలో మార్చుకునే వీలుంటుంది, షాపులోనే మార్చి వినిపించమనండి. ముల్లు రకమైతే ఈ గొడవ లేదు. షాపులో వినేటప్పుడు పైన ట్యూబ్‌లైట్లూ బల్బులూ ఉంటాయి, అక్కడి గరగర చూసి వద్దనుకోకండి, గుమ్మం బయటికి తెచ్చి వినండి. చార్జింగ్ పెట్టే రకం కంటే సెల్లు వేసే రకమే మేలు. ధరకి తగ్గ వస్తువే, ఆ వదులు స్విచ్ ఒక్కటీ బాగుచేస్తే అయిదుకి అయిదూ ఇచ్చేవాణ్ణి. ఇప్పటికి నాలుగు.

పోయిన సంక్రాంతికి ఇదే రకం రెండోది కొని ఊళ్లో అమ్మకి ఇచ్చాను. ఆవిడకి అంకెలు ఆనవు, అందుకని డయల్ మీద 927 దగ్గర మా అమ్మాయి గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టింది, బ్యాండు స్విచ్ జారకుండా ప్లాస్టరు వేశాం. నాన్న పోయాక పొద్దుటిపూట ఆ ఇంట్లో మాటలు లేవు, ఇప్పుడు ఉన్నాయి. 6.55కి సంస్కృతం మొదలవగానే నాకు ఫోన్ చేస్తుంది. "ఇన్నావా? అల్పపీడనం అంట. సెల్లు ఉన్నాయా నీ కాడ?" అని అడుగుతుంది. ఉన్నాయమ్మా అంటాను. ఎప్పుడూ నాలుగు కొత్తవి, ప్యాకెట్ విప్పకుండా, పప్పు డబ్బా వెనకాల పెట్టి ఉంచుతున్నాను.